బ్యాటరీ అంటోంది సరే, ఏ బ్యాటరీ?

జూన్ మొదటి వారంలో గుంటూరు మిర్చి యార్డుకి వేసవి సెలవులు అయిపోయి, కమిషన్ కొట్లు మళ్లీ తలుపులు తీశాయి. మా బాబాయి అక్కడ ఒక కొట్టులో గుమాస్తా. పొద్దున్నే ఫోన్ చేశాడు.

"ఒరేయ్ అబ్బాయ్, లాప్‌టాప్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఇంగ్లిష్‌లో ఏదో రాసి ఆగిపోతోంది. బ్యాటరీ అన్న మాట ఒక్కటే అర్థమైంది."

ఫొటో తీసి పంపమన్నాను. 'సిస్టమ్ బ్యాటరీ వోల్టేజ్ ఈజ్ లో' అని ఉంది. ముందుకు పోవాలంటే ఎఫ్1 నొక్కమని దాని కింద రాసి ఉంది. ఆ లాప్‌టాప్ కొని ఏడేళ్లయింది. ఛార్జర్ తీస్తే నలభై నిమిషాలు కూడా రావట్లేదని బాబాయి ఎప్పటి నుంచో గొణుగుతూనే ఉన్నాడు. ఇంకేం చూడాలి, బ్యాటరీ పోయింది, మార్పించెయ్ అన్నాను. సాయంత్రం బ్రాడీపేటలో ఒక షాపుకి వెళ్లి నాలుగు వేల రెండొందలు పెట్టి కొత్త బ్యాటరీ వేయించుకొచ్చాడు. మర్నాడు పొద్దున మళ్లీ అదే నల్ల తెర, అదే వాక్యం. అక్షరం కూడా మారలేదు.

షాపు కుర్రాడు అడిగింది అడిగినట్టు చేశాడు. తప్పు నాది. లాప్‌టాప్‌లో బ్యాటరీ అంటే కింద ఉండే ఆ పెద్ద ప్యాక్ ఒక్కటే అనుకున్నాను. 'సిస్టమ్ బ్యాటరీ' అన్నది దాన్ని కాదు. లోపల ఉండే ప్రధాన బోర్డు (మదర్‌బోర్డు) మీద రూపాయి బిళ్లంత సైజులో ఇంకో బ్యాటరీ ఉంటుంది. ఆ మాట దాని గురించి. రాసినవాళ్లకి తేడా తెలుసు, చదివేవాళ్లకి ఎలా తెలుస్తుంది?

లాప్‌టాప్ ఆన్ చేయగానే బ్యాటరీ పేరుతో వచ్చే మెసేజ్‌లు చాలావరకు ఇలాంటివే. అవి అబద్ధం చెప్పవు, పూర్తి పేరు చెప్పవంతే. ఆ మాట ఈ బిళ్ల గురించి కావచ్చు, పెద్ద ప్యాక్ గురించి కావచ్చు, ప్యాక్‌లో ఛార్జ్ లెక్కలు రాసే చిప్ గురించి కావచ్చు. అసలు బ్యాటరీతో సంబంధమే లేకుండా ఛార్జర్ పిన్ను గురించి కూడా కావచ్చు. అందుకే అందులో ఏం రాసి ఉందో చూసే ముందు అది ఎప్పుడు వచ్చిందో చూడాలి. కంపెనీ లోగో చుట్టుపక్కల, నల్ల తెర మీద వస్తే మాట్లాడుతున్నది బయోస్, అంటే విండోస్ కంటే ముందు లేచి కంప్యూటర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్. విండోస్ వచ్చాక కింద మూలన పైకి లేస్తే విండోస్, లేకపోతే కంపెనీవాళ్లు ముందే ఎక్కించి ఇచ్చిన యాప్. ఆ యాప్ బ్యాటరీలు అమ్మేవాళ్లదే అన్న సంగతి కూడా గుర్తుంచుకుంటే మంచిది.

ముందు ఆ బిళ్ల సంగతి. కంప్యూటర్ ఆపేసినా గడియారం ఆగకూడదు. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీలో ఇందుకోసం మోటరోలా చిప్ ఒకటి పెట్టారు. దానికి కరెంటు లేనప్పుడు చిన్న బ్యాటరీ ఊపిరి పోసేది. సెట్టింగ్‌లు కూడా ఆ చిప్‌లోనే ఉండేవి. అది సీమాస్ అనే, చాలా తక్కువ కరెంటు తినే రకం చిప్ కాబట్టి ఈ బిళ్లకి సీమాస్ బ్యాటరీ అని పేరు పడిపోయింది. ఇప్పుడు సెట్టింగ్‌లు చాలావరకు ఫ్లాష్ మెమరీలో ఉంటాయి, కరెంటు పోయినా చెరగవు. గడియారానికి మాత్రం నేటికీ నిత్యం కాస్త కరెంటు కావాలి. అందులో ఒక క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకి 32,768 సార్లు కంపిస్తూ ఉంటుంది. ఆ అంకె ఊరికే రాలేదు. దాన్ని వరసగా పదిహేను సార్లు సగం చేస్తే సరిగ్గా ఒకటి వస్తుంది, అంటే సెకనుకి ఒక టిక్కు.

ఈ పనికి తినే కరెంటు ఎంత తక్కువో చూడండి. బాగా దొరికే బిళ్ల పేరు సీఆర్2032. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అని ఆ పేరులోనే ఉంది. మూడు వోల్టులు, దాదాపు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే గంటకి ఒక మిల్లీ ఆంపియర్ చొప్పున తీస్తే 220 గంటలు వస్తుంది. గడియారం 5 మైక్రో ఆంపియర్లు (మిల్లీ ఆంపియర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రో) తింటుందనుకుంటే 44 వేల గంటలు వస్తుంది, అంటే అయిదేళ్లు. పైగా చాలా లాప్‌టాప్‌లలో పెద్ద బ్యాటరీలో ప్రాణం ఉన్నంతసేపూ గడియారం దాని మీదే నడుస్తుంది, బిళ్ల విశ్రాంతిగా ఉంటుంది. పెద్దది పూర్తిగా పడుకున్నప్పుడే దీనికి పని.

ఇక్కడే మా బాబాయి కొట్టు కథ ముడి విప్పుకుంది. మే నెలంతా యార్డు మూత. లాప్‌టాప్ బీరువాలో, ఛార్జర్ సంచిలో. ముసలి ప్యాక్‌లో ఉన్న కాస్త ఛార్జీ కొన్నాళ్లకే ఇంకిపోయింది. ఆ తర్వాత గడియారాన్ని ఏడేళ్ల వయసున్న బిళ్ల ఒంటరిగా మోసింది. మోయలేక చేతులెత్తేసింది. నాకు ముందే తెలియాల్సిన ఆధారం ఒకటి బాబాయి దగ్గరే ఉండిపోయింది.

"మొదటి రోజు తేదీ చూశావా బాబాయ్?" అని తర్వాత అడిగాను.

"ఎప్పటిదో 2017 చూపించింది. బ్యాంకు సైటు కూడా తెరుచుకోలేదు. తేదీ నేనే మార్చాలే, అదో పెద్ద పనా?"

తేదీ వెనక్కి పోయిందంటే మిగతా అనుమానాలన్నీ పక్కన పెట్టి ముందు బిళ్లని పట్టుకోవాలి. బ్యాంకు సైటు తెరుచుకోకపోవడం కూడా ఆ ఖాతాలోదే. సురక్షితమైన ప్రతి వెబ్‌సైటుకీ ఒక సర్టిఫికెట్ ఉంటుంది. దానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు రాసి ఉంటుంది. మన కంప్యూటర్ ఇంకా 2017లోనే ఉంటే, నిన్న మొన్న ఇచ్చిన సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. అందుకే బ్రౌజర్ తలుపు వేసేస్తుంది. మనం నెట్ బాగాలేదని రూటర్‌ని ఆపి ఆన్ చేస్తూ కూర్చుంటాం.

నన్ను ఇంకా తికమక పెట్టింది మరొకటి. కొత్త ప్యాక్ వేశాక తేదీ కదలకుండా నిలబడింది, మెసేజ్ మాత్రం పోలేదు. ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. గడియారానికి ఇప్పుడు కొత్త ప్యాక్ నుంచి కరెంటు అందుతోంది. బయోస్ మాత్రం ఆన్ అయిన ప్రతిసారీ బిళ్ల వోల్టేజీని విడిగా కొలిచి, తక్కువుందని రాస్తోంది. అడుగు మూత విప్పి, వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పెట్టాను. కొత్త బిళ్ల అయితే మూడు వోల్టులు దాటి చూపించాలి. ఇది 2.2 చూపించింది.

మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. లాప్‌టాప్‌లలో బిళ్ల చాలాసార్లు ఉత్తిగా ఉండదు. నల్లటి తొడుగులో చుట్టి, ఎరుపు నలుపు వైర్లు, చివర చిన్న కనెక్టరుతో ఉంటుంది. వైర్లతో ఉన్నదే కొనాలి. మామూలు బిళ్ల కొని దానికి ఇంట్లో సోల్డరింగ్ పెడితే ఆ వేడికి అది పగలొచ్చు. రెండోది, పాత బిళ్ల మీద రాసిన అక్షరాలు చదవండి. సీఆర్ అంటే ఛార్జ్ చేయకూడని రకం. ఎంఎల్ అని ఉంటే ఛార్జ్ అయ్యే రకం. ఎంఎల్ ఉన్న చోట సీఆర్ పెడితే బోర్డు దాన్ని ఛార్జ్ చేయబోతుంది, అది ప్రమాదం. ఈమధ్య వచ్చే పల్చటి లాప్‌టాప్‌లు కొన్నింటిలో అసలు బిళ్లే ఉండదు, గడియారం కూడా పెద్ద ప్యాక్ మీదే బతుకుతుంది. అలాంటిది నెలల తరబడి పక్కన పడేసి తీస్తే, తేదీ తప్పిందని మెసేజ్ వస్తుంది. పూర్తిగా ఛార్జ్ చేసి, తేదీ ఒకసారి సరిచేస్తే సరిపోతుంది. కొనాల్సిందేమీ లేదు.

ఇక విండోస్ వచ్చాక కనిపించే రకం. 'బ్యాటరీ మార్చడం గురించి ఆలోచించండి' అన్న అర్థం వచ్చే మెసేజ్. విండోస్ 7 వచ్చిన కొత్తల్లో ఎర్ర గుర్తుతో ఇది కనిపించి పెద్ద గొడవే అయింది. నిన్నటిదాకా బాగున్న బ్యాటరీని విండోసే పాడు చేసిందని జనం తిట్టారు. 2010లో మైక్రోసాఫ్ట్ విచారించి తేల్చింది ఏమిటంటే, బ్యాటరీ నుంచి వచ్చిన అంకెలనే విండోస్ చదివి చెబుతోంది, తను వాటిని మార్చలేదు. తయారైనప్పటి సామర్థ్యంలో 40 శాతానికి పడిపోతే ఆ మెసేజ్ చూపిస్తోంది. అంటే విండోస్ ఉత్తరం తెచ్చిన పోస్ట్‌మ్యాన్ మాత్రమే. ఉత్తరం రాసింది బ్యాటరీ లోపల ఉన్న చిప్.

ఆ చిప్ ఎలా లెక్క రాస్తుందో చెప్పడానికి మా యార్డు భాషే నాకు సులువు. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఉన్నాయనుకోండి. గుమాస్తా ప్రతిసారీ లోపలికి వెళ్లి లెక్కపెట్టడు. ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి అని పుస్తకంలో రాసుకుంటాడు, తీసివేస్తే నిల్వ తెలుస్తుంది. బ్యాటరీ చిప్ కూడా అంతే. లోపల ఎంత ఉందో దానికి నేరుగా కనపడదు. లోపలికి వెళ్లిన కరెంటు, బయటికి వచ్చిన కరెంటు కూడి తీసివేస్తూ ఉంటుంది. ప్రతి ఎంట్రీలో చిటికెడు తేడా వస్తుంది. పుస్తకాన్ని అసలు సరుకుతో సరిచూసుకునే అవకాశం దానికి ప్రధానంగా రెండు చోట్లే దొరుకుతుంది. నిండా ఛార్జ్ అయినప్పుడు ఒకటి, పూర్తిగా ఖాళీ అయినప్పుడు రెండోది.

ఎప్పుడూ ఛార్జర్‌కి తగిలించి ఉంచే లాప్‌టాప్‌కి ఆ రెండో అవకాశం రాదు. ఏళ్ల తరబడి స్టాకు తనిఖీ లేని గోడౌన్ లాంటిదది. పుస్తకం ఒకటి చెబుతుంది, లోపల ఇంకోటి ఉంటుంది.

మిర్చికి తరుగు ఉన్నట్టే బ్యాటరీకీ తరుగు ఉంటుంది. లిథియం అయాన్ సెల్లు మూడు వందల నుంచి అయిదు వందల సార్లు ఛార్జ్ అయి ఖాళీ అయ్యేసరికి సామర్థ్యంలో అయిదో వంతు పోవడం మామూలే. వేడి తగిలితే ఇంకా త్వరగా పోతుంది. బెజవాడని బ్లేజ్‌వాడ అని ఊరికే అనరు కదా, గుంటూరు కూడా దానికేం తీసిపోలేదు. అసలైన తరుగు వేరు, పుస్తకంలో తప్పుగా పడిన తరుగు వేరు. మెసేజ్ ఈ రెంటినీ ఒకే మాటతో చెబుతుంది. మనం విడదీసుకోవాలి.

విండోస్‌లో దానికి దారి ఉంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి రాసి ఎంటర్ నొక్కండి. ఒక ఫైలు తయారై, అది ఎక్కడుందో చూపిస్తుంది. బ్రౌజర్‌లో తెరిస్తే రెండు అంకెలు కనిపిస్తాయి. డిజైన్ కెపాసిటీ అంటే పుట్టినప్పటి సామర్థ్యం, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు నిండా పడుతుందని చిప్ అనుకుంటున్నది. రెండూ మిల్లీ వాట్ అవర్లలో ఉంటాయి.

నా సొంత లాప్‌టాప్ రెండేళ్లు బల్ల మీద ఛార్జర్‌తోనే ఉండిపోయింది. ఒకరోజు బ్యాటరీ మార్చమంది. రిపోర్ట్ తీస్తే డిజైన్ 41,000, ఫుల్ ఛార్జ్ 14,200. అంటే 35 శాతం కూడా లేదు. బాబాయి విషయంలో తగిలిన దెబ్బ ఇంకా మానలేదు కాబట్టి ఈసారి షాపుకి పరిగెత్తలేదు. నూరు శాతం ఛార్జ్ చేసి, ఇంకో రెండు గంటలు అలాగే వదిలాను. తర్వాత ఛార్జర్ తీసి, తనంతట తాను ఆగిపోయేదాకా వాడాను. తెర ఏడు శాతం చూపిస్తూ గంటకు పైగా నడిచింది. అప్పుడే అర్థమైంది, పుస్తకం తప్పని. మళ్లీ మధ్యలో ఆపకుండా నిండా ఛార్జ్ చేశాను. కొత్త రిపోర్ట్‌లో ఫుల్ ఛార్జ్ 33,600. ఎనభై రెండు శాతం. ఎర్ర గుర్తు మాయం.

దీన్నే కాలిబ్రేషన్ అంటారు. దీంతో బ్యాటరీ బాగుపడలేదు, లెక్క బాగుపడింది. అలాగని వారానికోసారి చేయకండి. పూర్తిగా ఖాళీ చేయడం లిథియం సెల్లుకి మంచిది కాదు. అనుమానం వచ్చినప్పుడు ఒకసారి చాలు. ఇలా చేశాక కూడా అంకె 14 వేల దగ్గరే ఉంటే, లేదా ముప్పై శాతం చూపిస్తూ టక్కున ఆగిపోతుంటే, అది నిజమైన తరుగే. అప్పుడు డబ్బు పెట్టండి.

లెక్కలో ఇంకో రకం తప్పు కూడా ఉంది, చూస్తే నవ్వొస్తుంది. బ్యాటరీ తన సామర్థ్యాన్ని వాట్ అవర్లలో చెప్పొచ్చు, ఆంపియర్ అవర్లలో చెప్పొచ్చు. కంప్యూటర్లు పవర్ సంగతులు మాట్లాడుకునే ఏసీపీఐ పద్ధతిలో రెండింటికీ అనుమతి ఉంది. 11.1 వోల్టుల ప్యాక్‌లో 4,400 మిల్లీ ఆంపియర్ అవర్లంటే, రెండూ గుణిస్తే, 48,840 మిల్లీ వాట్ అవర్లు. ఎక్కడో ఒక ప్రోగ్రామ్ ఇటు నుంచి 4,400, అటు నుంచి 48,840 తీసుకుని పోల్చిందనుకోండి. కొత్త బ్యాటరీకి తొమ్మిది శాతమే ప్రాణం ఉందని తేలుతుంది. టిక్కీల లెక్కని క్వింటాళ్ల లెక్కతో పోల్చినట్టు. శాతం మరీ విడ్డూరంగా, పదికి అటూ ఇటూ అన్నట్టు ఉండి, బ్యాటరీ మాత్రం రెండు గంటలు వస్తుంటే, బయోస్ అప్‌డేట్ ఉందేమో చూడటం బ్యాటరీ కొనడం కంటే చవక.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 'అడాప్టర్ రకం తెలియలేదు, బ్యాటరీ ఛార్జ్ కాకపోవచ్చు' అని నల్ల తెర మీద వస్తే నేరం ఛార్జర్‌ది. గుండ్రటి ఛార్జర్లు కొన్నింటి మధ్యలో సన్నటి సూది లాంటి పిన్ను ఉంటుంది. నేను ఇన్ని వాట్లవాడిని అని ఛార్జర్ చెప్పుకునేది దాని ద్వారానే. అది వంగినా, వైరు లోపల తెగినా లాప్‌టాప్ నమ్మదు. కరెంటు తీసుకుని నడుస్తుంది కానీ బ్యాటరీకి పోయదు. ఇంకో ఛార్జర్ పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. అరవైకో ఎనభైకో వచ్చి ఛార్జింగ్ ఆగిపోతే, బ్యాటరీ ఆయుష్షు కోసం కంపెనీ యాప్‌లో పరిమితి ఆన్ అయి ఉందేమో చూడండి. అది జబ్బు కాదు, పథ్యం. మే నెల మధ్యాహ్నం ఫ్యాను కింద కూడా లాప్‌టాప్ కాలిపోతూ ఛార్జ్ కావట్లేదంటే చల్లబడనివ్వండి. సాధారణంగా 45 డిగ్రీల దగ్గర ఛార్జింగ్ ఆపేసేలా ప్యాక్‌లని తయారు చేస్తారు. ఎచ్‌పీ లాప్‌టాప్‌లలో 601 అన్న నంబర్ వస్తే మాత్రం అది పెద్ద ప్యాక్ గురించే, చాలాసార్లు నిజమే. అయినా రిపోర్ట్ తీయకుండా కొనకండి.

ఎవరి మీద నేరం మోపాలో తేలకపోతే, ప్యాక్ ఊడదీయగలిగే లాప్‌టాప్‌లలో ఒక తిరుగులేని పరీక్ష ఉంది. ప్యాక్ తీసి పక్కన పెట్టి, ఛార్జర్ మీద ఆన్ చేయండి. బ్యాటరీ వోల్టేజీ తక్కువ అంటూ అదే మెసేజ్ వస్తే ప్యాక్ నిర్దోషి. అక్కడ లేనివాడు దొంగతనం ఎలా చేస్తాడు? బాబాయి లాప్‌టాప్ ప్యాక్ అలా ఊడేదే. ఆ పరీక్షకి రెండు నిమిషాలు పట్టేది.

ఒక విషయంలో మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగ్గా పడకపోయినా, లాప్‌టాప్‌ని బల్ల మీద పెడితే ఊగినా లోపల ప్యాక్ ఉబ్బి ఉండొచ్చు. దానికి మెసేజ్ రాదు. చిప్ లెక్కలో అది ఎనభై శాతం ఆరోగ్యంగా కూడా కనిపించొచ్చు. వెంటనే ఆపేసి, ఛార్జర్ తీసేసి, తెలిసినవాళ్ల చేత తీయించండి. నొక్కడం, పొడవడం, చెత్తబుట్టలో వేయడం చేయకండి. లోపల ఉన్నది మండే ద్రవం. తీసిన పాత ప్యాక్‌ని ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకే ఇవ్వాలి.

మా బాబాయికి వైర్లున్న బిళ్ల నూట యాభైకి దొరికింది. నేనే వేసి, తేదీ సరిచేసి, ఆన్ చేశాను. నల్ల తెర రాలేదు, లోగో వచ్చి నేరుగా విండోస్ తెరుచుకుంది. బాబాయి మెచ్చుకుంటాడని చూశాను. ఆయన సొరుగు లాగి ఖాతా పుస్తకం తీశాడు. కొట్టు మరమ్మతుల కింద 'బిళ్ల – 150' అని రాశాడు. ఆ పై లైన్లో మొన్న రాసిన 'బ్యాటరీ – 4,200' కొట్టేసి, పేజీలు తిప్పి, వెనకెక్కడో నా పేరుతో ఉన్న పద్దులో దాన్ని మళ్లీ రాసుకున్నాడు.